టైల్స్ ఉచితంగానే వచ్చాయి, మరి 36,140 రూపాయలు దేనికి ఖర్చయ్యాయి?

పోయిన రంజాన్ తర్వాత జరిగిన సర్వసభ్య సమావేశంలో జమాఖర్చులు చదివి వినిపిస్తుండగా మన దాతల్లో ఒక పెద్దాయన లేచి, "సార్, టైల్స్ అన్నీ నేనే ఇచ్చిన గదా. పది బాక్సులు మా ఇంటి నుంచే ఆటోలో పంపిన. మళ్లీ బాత్రూం టైల్స్ పని అని ముప్పై ఆరు వేలు రాసిన్రు. ఇదేం లెక్క?" అని అడిగారు. ఆయన గొంతులో కోపం లేదు. తెలుసుకుందామనే అడిగారు. అయినా ఆ రోజు మేము తడబడ్డాం. బిల్లులన్నీ ఫైల్లో ఉన్నాయి, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు అని మాత్రం చెప్పి కూర్చున్నాం. అది సరైన జవాబు కాదని ఇంటికి వెళ్లేటప్పుడు దారిలోనే తోచింది. బిల్లు చూస్తే ఎంత ఖర్చయిందో తెలుస్తుంది గాని, ఎందుకయిందో తెలియదు. మా వృత్తి పాఠాలు చెప్పడమే కాబట్టి ఆ ఎందుకు అన్నదాన్ని ఈ వార్షిక సంచికలో వివరంగా రాస్తున్నాం. మీలో చాలామంది ఇళ్లు కట్టుకుంటున్నవారే గనుక మీ సొంత పనికి కూడా ఇది పనికిరావచ్చు.

ముందుగా ఒక మాట. ఈ ఖర్చు జకాత్ సొమ్ములోంచి పెట్టింది కాదు. జకాత్ ఖాతా వేరు, దాన్ని కట్టడాల పనికి మనం ముట్టుకోము. ఇది సాధారణ విరాళాల ఖాతాలోంచి తీసింది.

పని జరిగింది ఎక్కడో అందరికీ తెలిసిందే. మన భవనం పై అంతస్తులో సాయంత్రం ఆడపిల్లల ట్యూషన్ నడుస్తుంది. కింద ఉన్న దుకాణం అద్దెకు ఇచ్చాం, ఆ అద్దెతోనే పిల్లల పుస్తకాలు, పరీక్ష ఫీజులు కడుతున్నాం. పైన హాలు మూలలో ఆరడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పున పిల్లలకు ఒక బాత్రూం కావలసి వచ్చింది. రెండు వైపులా పాత ఇటుక గోడలు ఉన్నాయి. మిగతా రెండు వైపులా కొత్తగా గోడ లేపాలి.

ఇటుకతో లేపవచ్చు కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. మాకూ అదే అనిపించింది. కాని ఆ మూలన స్లాబు కింద దూలం లేదు. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ, రెండు వైపులా సిమెంటు పూతతో కలిపి, ప్రతి చదరపు అడుగుకు సుమారు 25 కిలోల బరువు తూగుతుంది. ఎనిమిదడుగుల ఎత్తు గోడ అంటే నడిచే ప్రతి అడుగు పొడవుకూ రెండు క్వింటాళ్లు. దూలం లేని స్లాబు మీద అంత బరువు పెట్టవద్దని ఇంజనీరు చెప్పారు. అందుకే ఇనుప చట్రానికి సిమెంటు బోర్డు బిగించి, దాని మీద టైల్స్ అంటించే పద్ధతికి రావలసి వచ్చింది. ఎనిమిది మిల్లీమీటర్ల సిమెంటు బోర్డు చదరపు అడుగుకు ఒక కిలో చుట్టుపక్కల తూగుతుంది. రెండు వైపులా బోర్డు, మధ్య చట్రం కలిపినా మూడు కిలోలకు మించదు. దాని మీద టైలు, అంటించే మసాలా కలిపి ఇంకో రెండు, రెండున్నర కిలోలు.

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఇదే బాత్రూం మూడేళ్ల కింద ఒకసారి కట్టించాం. అప్పుడు ఒకతను మొత్తం పద్దెనిమిది వేలకు గుత్త మాట్లాడితే, మేము బేరమాడి బేరమాడి పద్నాలుగు వేలకు దించాం. సొసైటీ సొమ్ము నాలుగు వేలు మిగిల్చామని ఆ రాత్రి సంతోషంగా నిద్రపోయాం. ఆయన ఆ నాలుగు వేలను మరో చోట దించుకున్నాడు. తడి తగలని గదుల్లో పైకప్పులకు వాడే జిప్సం బోర్డు గోడకు బిగించి, దాని మీద ఒట్టి సిమెంటు పాలతో టైల్స్ అతికించి వెళ్లిపోయాడు. చూడటానికి బాగానే ఉంది. ప్రారంభోత్సవం నాడు ఫోటోలు కూడా దిగాం. ఎనిమిది నెలలు తిరగకుండానే గోడ పొట్ట ఉబ్బింది. కింద దుకాణం కప్పు మీద తడి మరక కనిపించింది. ఒక సాయంత్రం రెండు టైల్స్ ఊడి ఒక అమ్మాయి కాలి పక్కనే పడి ముక్కలయ్యాయి. అల్లా దయవల్ల దెబ్బ తగలలేదు. ఆ రోజే తాళం వేశాం. తాళం వేశాక ఏం జరిగిందో హాజరు పట్టీ చూస్తే తెలుస్తుంది. దూరం నుంచి వచ్చే ఆడపిల్లలు ఒక్కొక్కరే మానేయసాగారు. వాళ్ల అమ్మలు అడిగింది ఒకటే మాట, "అక్కడ బాత్రూం ఉన్నదా లేదా సార్?" దానికి మా దగ్గర జవాబు లేదు.

అంటే నిజం చెప్పాలంటే ఆ బాత్రూం గోడలకు, నేలకు అయిన ఖర్చు 36,140 కాదు. మునిగిపోయిన 14,000 కూడా కలిపితే 50,140. ఈ మాట సమావేశంలో ఎవరూ అడగలేదు గాని చెప్పవలసిన బాధ్యత మాది.

టైలు గోడను పట్టుకొని నిలవాలంటే దాని వెనక ఉన్నది గట్టిగా ఉండాలి, కదలకూడదు, తడికి మెత్తబడకూడదు. మన ఇళ్లలో ఆ పని ఇటుక గోడ మీది సిమెంటు పూత చేస్తుంది. అందుకే మనకు ఈ బోర్డు అనే మాట కొత్త. అమెరికాలో చాలా ఇళ్లు చెక్క చట్రాలతో కడతారు గనుక అక్కడ బాత్రూంలో టైల్స్ వేయాలంటే ముందు సిమెంటు బోర్డు బిగించడం మామూలు సంగతి. గల్ఫ్ దేశాల్లో పని చేసి వచ్చిన మన పిల్లలకు కూడా ఇది బాగా తెలుసు. జిప్సం బోర్డు సంగతి వేరు. అది నీటికి మెత్తబడి పిండిలా రాలుతుంది. టైల్స్ మధ్య సందుల్లోంచి కొద్దికొద్దిగా నీరు దిగుతూనే ఉంటుంది. టైలు మీద నీరు నిలవదు గాని టైళ్ల నడుమ సందు నీటిని పూర్తిగా ఆపలేదు. ఈ సంగతి తెలియకనే మనం టైల్స్ వేస్తే తడి రాదు అనుకుంటాం.

ఒట్టి సిమెంటు పాలు కూడా ఎందుకు పనికిరాలేదో చెబుతాం. ఇంట్లో మీరే పరీక్షించవచ్చు. పాత రకం గోడ టైలు వెనక్కి తిప్పి ఒక నీటి చుక్క వేయండి, చూస్తుండగానే పీల్చుకుంటుంది. అలాంటి టైలు బరువులో పదో వంతుకు మించి నీరు తాగగలదు. ఆ పీల్చుకునే గుణం వల్లనే సిమెంటు పాలు దాన్ని పట్టుకుంటాయి. అదే విట్రిఫైడ్ టైలు వెనక చుక్క వేస్తే అలాగే నిలుచుంటుంది. అది పీల్చుకునేది అర శాతం లోపు. సిమెంటు పాలకు అక్కడ పట్టు దొరకదు. మన దాత ఇచ్చినవి రెండడుగుల విట్రిఫైడ్ టైల్స్. వాటికి పాలిమర్ కలిసిన టైల్ గమ్ము తప్పనిసరి. దీనికి ఐ.ఎస్. 15477 అని భారతీయ ప్రమాణం ఉంది. బస్తా మీద ఆ సంఖ్య, దాని కింద ఏ రకమో రాసి ఉంటుంది, చూసి కొనండి.

ఇక పని మనుషుల సంగతి. డబ్బు ఎక్కువగా పోయింది, మాకు ఎక్కువగా అర్థం కానిది కూడా ఇక్కడే.

ముందుగా ఊళ్లో మనకు ఎప్పుడూ పని చేసే తాపీ మేస్త్రీని పిలిచాం. ఆయన గోడ చూసి, "ఇటుక పని చెప్పండి సార్, కళ్లు మూసుకుని చేస్త. ఈ బోర్డు పని నాకు రాదు. రానిది వచ్చిందని చెప్పి మీ పైసలు తినను" అన్నారు. ఆ నిజాయితీకి మేము ఇప్పటికీ ఆయనను గౌరవిస్తున్నాం. మన ప్రాంతంలో మేస్త్రీలకు కొదువ లేదు. 1955 డిసెంబరులో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ డ్యాం రాతి కట్టడం. 1967 ఆగస్టులో కాలువలకు నీళ్లు వదిలే దాకా ఎన్ని వేల చేతులు అక్కడ రాయి చెక్కి, సున్నం సిమెంటు పట్టించాయో లెక్కలేదు. రాయి, ఇటుక, పూత మన చుట్టుపక్కల మనుషులకు చేతిలో పని. బోర్డు మాత్రం కాదు. విచిత్రమేమంటే మన మిర్యాలగూడ పక్కన గాజలపురంలోనే విశాక ఇండస్ట్రీస్ వారి సిమెంటు బోర్డుల ఫ్యాక్టరీ ఉంది. వాడపల్లి దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలూ ఉన్నాయి. సరుకు మన జిల్లాలోనే తయారవుతుంది, దాన్ని బిగించేవాణ్ని మాత్రం వెతుక్కోవాలి.

రెండోసారి ఒక ఇంటీరియర్ కాంట్రాక్టరును అడిగాం. సామానుతో సహా, టైల్స్ మనవే, మొత్తం 52,000 అన్నారు. అందులో ఏది ఎంతో విడదీసి చెప్పమంటే చెప్పలేదు. మూడోసారి, గల్ఫ్‌లో తొమ్మిదేళ్లు ఇదే పని చేసి తిరిగొచ్చి మిర్యాలగూడలో పైకప్పుల పని చేసుకుంటున్న ఒకతను దొరికాడు. బోర్డు బిగించే కూలి ఎంత అని అడిగితే, "పెద్ద పనికైతే చదరపు అడుగుకు 40 తీసుకుంట. మీది డెబ్బై అడుగులే గదా సార్, దీనికి అడుగుల లెక్క కుదరదు. మొత్తం 6,000 ఇవ్వండి" అన్నాడు.

మాలోని లెక్కల మాస్టారు వెంటనే లేచాడు. 70 అడుగులకు 40 చొప్పున 2,800 కావాలి. 6,000 అంటే అడుగుకు దాదాపు 86 పడుతుంది. రెట్టింపు కంటే ఎక్కువ! పాత అలవాటు కొద్దీ బేరం మొదలుపెట్టబోయాం. మూడేళ్ల కిందటి పద్నాలుగు వేలు గుర్తొచ్చి ఆగాం. బేరానికి బదులు, "బాబూ, ఆ ఆరువేలు ఎట్ల అయితయో మాకు విడదీసి చెప్పు" అని అడిగాం. అతను అక్కడే మెట్ల మీద కూర్చుని చెప్పాడు.

పనికి ఇద్దరు మనుషులు, రెండు రోజులు. తనకు రోజుకు 1,200, సహాయకునికి 800. రెండు రోజులకు 4,000. మిర్యాలగూడ నుంచి రాకపోకలు, స్క్రూ మిషను, కత్తిరించే మిషను తేవడానికి ఆటో కలిపి 900. మిగిలిన 1,100 మిషన్ల అరుగుదలకు, మళ్లీ ఒక పూట వచ్చి బోర్డు అతుకులు పూర్తి చేసి పోవడానికి. ఇందులో మేము తీసేయదగ్గ రూపాయి కనబడలేదు. వెయ్యి అడుగుల పనికైనా డెబ్బై అడుగుల పనికైనా అదే మిషను, అదే ప్రయాణం. చిన్న పనిలో ఆ ఖర్చు తక్కువ అడుగుల మీద పడుతుంది. అంతే. అడుగు ధర ఎంత అని అడగడం పెద్ద పనులకు సరిపోతుంది. చిన్న పనికి ఎన్ని రోజులు, ఎంతమంది అని అడగాలి.

డెబ్బై అడుగులు ఎలా వచ్చిందో కూడా చెబుతాం, ఎందుకంటే కొలతల్లోనే సగం తగాదాలు. కొత్త గోడలు రెండు. ముందు గోడ ఆరడుగులు, అందులో రెండున్నర అడుగుల తలుపు. పక్క గోడ ఐదడుగులు. తలుపు తీసేస్తే మూడున్నర, ఐదు కలిపి ఎనిమిదిన్నర అడుగులు. ఎనిమిదడుగుల ఎత్తుకు 68, తలుపు పైన ఉన్న ముక్క రెండున్నర, మొత్తం సుమారు 70. బోర్డు రెండు వైపులా కావాలి కాబట్టి సరుకు 140 అడుగులు. ఒక షీటు ఎనిమిది బై నాలుగు, అంటే 32 అడుగులు. నాలుగు షీట్లు చాలవు, ఐదు తెప్పించాలి. కూలి మాత్రం గోడ కొలత మీదనే గాని రెండు ముఖాలకు వేరువేరుగా కాదని ముందే మాట్లాడుకున్నాం. ఈ సంగతి మాట్లాడుకోకపోతే పని అయ్యాక కొలత రెట్టింపు అవుతుంది, గొడవ అవుతుంది.

పని జరుగుతున్న రెండు రోజులూ సెలవు పెట్టి దగ్గరే కూర్చున్నాం. చట్రంలో నిలువు కమ్మీలు మామూలుగా రెండడుగులకు ఒకటి వేస్తారట. టైల్స్ మోయవలసిన గోడ కాబట్టి పదహారు అంగుళాలకే ఒకటి వేశాడు. బోర్డు కింది అంచును నేలకు ఆనించకుండా ఒక సెంటీమీటరు ఎత్తులో నిలిపాడు. ఆనిస్తే దీపం వత్తి నూనె పీల్చినట్టు బోర్డు నీళ్లు పీలుస్తుందని చెప్పాడు. బోర్డుకూ బోర్డుకూ మధ్య సన్నని సందు వదిలాడు, ఆ సందును జాలీ టేపు వేసి గమ్ముతో పూడ్చాడు. స్క్రూలు ఎనిమిది అంగుళాలకు ఒకటి. బోర్డును మిషనుతో కోస్తే దుమ్ము లేస్తుందని, వీలైన చోటల్లా గీత గీసి విరిచాడు, మిషను పెట్టక తప్పని చోట ముక్కుకు గుడ్డ కట్టుకున్నాడు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. సహాయకునికి మాస్కు లేకపోతే మన దగ్గర ఆసుపత్రి పంపిణీలో మిగిలినవి ఇచ్చాం. ఇదంతా ఎందుకు రాస్తున్నామంటే, మొదటిసారి వచ్చినతను ఇవేవీ చేయలేదు. పని పూర్తయ్యాక చూస్తే రెండు గోడలూ ఒకలాగే ఉంటాయి. తేడా అంతా టైల్స్ వెనకకు పోయింది.

పాత ఇటుక గోడలకు ఉన్న ఆయిల్ పెయింటు మీద టైలు నిలవదు. దాన్ని చెక్కి, గంట్లు పెట్టి, మళ్లీ సిమెంటు పూత వేయాలి. ఆ పని మాత్రం మన ఊరి మేస్త్రీకే ఇచ్చాం. 77 అడుగులకు అడుగుకు 30 చొప్పున 2,310 కూలి. తర్వాత నేలకు, గోడల కింది అడుగు భాగానికి, బోర్డు గోడలకు పూర్తిగా నీరు దిగని మందు రెండు పూతలు వేయించాం. మందు పది కిలోలు పట్టింది. అది ఆరాక, ఇంకా ఒక్క టైలు అంటించకముందే, నీళ్లు పోయే గొట్టం మూతి బిగించి నేల మీద రెండంగుళాల నీళ్లు నింపి ఒక రోజు మొత్తం వదిలేశాం. కింద దుకాణదారును పిలిచి కప్పు చూడమన్నాం. మరుసటి రోజు కూడా పొడిగానే ఉంది. మీ ఇళ్లలో పై అంతస్తు బాత్రూం కట్టేటప్పుడు ఈ ఒక్క పరీక్ష మాత్రం తప్పకుండా చేయించండి. దీనికి అయ్యే ఖర్చు కొన్ని బకెట్ల నీళ్లు.

ఇప్పుడు పద్దు. ఐదు బోర్డులు ఒక్కోటి 1,400 చొప్పున 7,000. ఇనుప చట్రం 3,500. స్క్రూలు, టేపు వగైరా 900. బోర్డు బిగించిన కూలి 6,000. నీరు దిగని మందు 2,000, అది పూసిన కూలి 1,500. ఇటుక గోడ పూత కూలి 2,310, దానికి సిమెంటు, ఇసుక, పాత గోడ చెక్కుడు సామాను 900. ఇంతవరకు 24,110. ఇంకా ఒక్క టైలు కూడా గోడకు ఎక్కలేదని గమనించండి. మొత్తం ఖర్చులో మూడింట రెండు వంతులు ఇదే.

ఆ తర్వాత టైల్ గమ్ము నాలుగు బస్తాలు 2,200. గోడకు టైల్స్ అంటించిన కూలి 137 అడుగులకు 40 చొప్పున 5,480. రెండడుగుల టైలు గోడకు ఎక్కించడం చిన్న టైలు కంటే కష్టం, అందుకే అడుగుకు 40. నేలకు 30 అడుగులకు 30 చొప్పున 900. దాత ఇచ్చిన టైల్స్ నునుపు రకం, తడి నేల మీద పిల్లలు జారతారు. కాబట్టి నేలకు గరుకు టైల్స్ వేరుగా 1,250 పెట్టి కొన్నాం. సందులు పూడ్చే పొడి, మధ్య పెట్టే ముక్కలు 700. ఆటోలు, పాత చెత్త ఎత్తివేత 1,500. మొత్తం 36,140. కుళాయిలు, కమోడు, గొట్టాల పని దీనిలో లేదు, అది వేరే పద్దు.

దాత ఇచ్చిన పది బాక్సుల టైల్స్ అంగట్లో కొంటే ఎనిమిది వేల చుట్టూ అయ్యేవి. అది చిన్న దానం అని మేము అనడం లేదు. ఆ ఎనిమిది వేలు నిజంగా మిగిలాయి. కాని పని మొత్తంలో అది ఐదో వంతు కంటే తక్కువ. కంటికి కనిపించేది టైలు కాబట్టి మొత్తం ఖర్చు టైలుదే అనిపిస్తుంది. ఇదే కారణంతో మనకు టైల్స్ ఇస్తామనేవారు ఏటా ఇద్దరు ముగ్గురు ఉంటారు, నీరు దిగని మందు ఇస్తామనేవారు ఇంతవరకు ఎవరూ రాలేదు! దాతలను తప్పుపట్టడానికి కాదు ఈ మాట. టైల్స్ ఇవ్వదలచినవారు ముందుగా మాకు ఒక మాట చెబితే, ఆ గోడకు ఆ రకం సరిపోతుందా, దాన్ని నిలబెట్టడానికి ఇంకెంత కావాలి అన్నది మేము లెక్క వేసి చెబుతాం. అప్పుడు సమావేశంలో మనం ఒకరి ముఖం ఒకరు చూసుకోవలసిన పని ఉండదు.

పన్నుల గురించి కూడా ఒకరు అడిగారు. టైల్స్ మీద జి.ఎస్.టి. 18 శాతం. సిమెంటు మీద 28 శాతం ఉండేది, 2025 సెప్టెంబరు 22 నుంచి 18కి తగ్గింది. మన పనిలో పోసింది కొద్ది సిమెంటే గనుక ఆ తగ్గింపు పెద్దగా తెలియదు. మనం వ్యాపారం చేయము కాబట్టి కట్టిన పన్ను తిరిగి రాబట్టుకునే దారి లేదు. అది ధరలో భాగమే.

కూలి చెల్లింపు గురించి కొంచెం చెప్పాలి. కూలివాని చెమట ఆరకముందే కూలి ఇవ్వాలని మనం చిన్నప్పటి నుంచి వింటున్నవాళ్లమే. అదే సమయంలో సొసైటీ సొమ్ము అమానత్, పని సరిగా అయిందో లేదో చూసుకోకుండా ఇచ్చేయలేం. ఈ రెండింటికీ పడకుండా పోయే చోట మధ్యస్థంగా ఒకటి చేశాం. బోర్డు బిగించినతనికి 2,000 ముందే ఇచ్చాం. బోర్డులు బిగిసిన సాయంత్రమే 3,000 ఇచ్చాం. చివరి 1,000 నీళ్లు నింపిన పరీక్ష అయ్యాక ఇస్తామని మొదటి రోజే చెప్పాం, పరీక్ష అయిన గంటలోనే ఫోన్ ద్వారా పంపాం. ఎంత, ఎప్పుడు అన్నది ముందే కాగితం మీద ఉంది గనుక ఎవరికీ మనసు నొచ్చుకోలేదు. మొదటిసారి పనిలో కాగితమే లేదు.

సహాయకునికి, పూత పనిలో ఇసుక మోసిన ఇద్దరు ఆడవాళ్లకు భవన నిర్మాణ కార్మికుల గుర్తింపు కార్డు లేదని మాటల్లో తెలిసింది. పద్దెనిమిది నుంచి అరవై ఏళ్ల లోపు వారు, గడిచిన పన్నెండు నెలల్లో తొంభై రోజులు కట్టడం పని చేసి ఉంటే, సంక్షేమ బోర్డులో నమోదు చేసుకోవచ్చు. ముగ్గురి కాగితాలూ మేమే నింపించాం. దీనికి సొసైటీకి పైసా ఖర్చు కాలేదు గనుక పద్దులో కనిపించదు.

మన నీళ్ల గురించి ఒక చిన్న సూచన. నల్లగొండ నీళ్ల పేరు దేశమంతా తెలుసు. ఫ్లోరైడ్ తీసే పద్ధతికే మన జిల్లా పేరు పెట్టారు. ఆ ఫ్లోరైడ్ టైల్స్‌ను ఏమీ చేయదు. కాని బోరు నీళ్లలోని ఉప్పులు ఆరాక టైల్స్ మీద, సందుల్లో తెల్లటి పొర కడతాయి. దాన్ని పోగొట్టాలని యాసిడ్ పోస్తే సందుల్లోని సిమెంటు కరిగి, నీళ్లు వెనక్కి దిగే దారి ఏర్పడుతుంది. పెట్టిన 24,110 మీద యాసిడ్ పోసినట్టే. అందుకని ట్యూషన్ ఆపాకు రోజూ సాయంత్రం గోడ ఒకసారి పొడి గుడ్డతో తుడవమని చెప్పాం. ఆమె తుడుస్తోంది.

తాళం తీసి ఇప్పటికి ఏడు నెలలు. మధ్యలో ఒక వానకాలం పోయింది. గోడ మీద వేలితో కొట్టి చూస్తే ఎక్కడా డొల్ల చప్పుడు లేదు. మానేసిన ఆడపిల్లల్లో చాలామంది తిరిగి వచ్చారు, అందరూ రాలేదు. ఒక అమ్మాయి పెళ్లి అయిపోయింది. మరో ఇద్దరు వేరే చోట చేరారు.

నలభై టైల్స్‌లో ముప్పై ఎనిమిది పట్టాయి. మిగిలిన రెండూ ఎప్పుడైనా ఒకటి పగిలితే వేయడానికి ఆఫీసు బీరువా వెనక గోడకు ఆనించి ఉన్నాయి. కింద వజూఖానా గోడకు కూడా ఈ ఏడు టైల్స్ వేయించాలని సభ్యులు అడుగుతున్నారు. అది ఇటుక గోడ, దూలం మీదనే ఉంది, కాబట్టి బోర్డు అవసరం లేదు. పాత పూత చెక్కి కొత్త పూత వేస్తే చాలు. ఎన్ని అడుగులో మన ఊరి మేస్త్రీ వచ్చే జుమా తర్వాత కొలిచి చెబుతానన్నారు. ఆ లెక్క రాగానే దేనికి ఎంతో విడదీసి నోటీసు బోర్డు మీద పెడతాం.